మాటల్లోంచి సమీకరణంలోకి: బీజగణిత పద సమస్యలు

ఎగిరిపోతున్న పక్షుల గుంపును చూసి కొమ్మ మీద ఒంటరిగా కూర్చున్న పక్షి ‘మీరు వందమందా?’ అని అడిగింది. కాదన్నాయి అవి. తమకు తమ అంత, తమలో సగం, ఆ సగంలో సగం చేర్చి, అడిగిన పక్షిని కూడా కలుపుకుంటేనే వంద అవుతామన్నాయి. గుంపులో పక్షులెన్ని? అరుగు మీద కూర్చుని పెద్దలు పిల్లలకు వేసే ఈ చిక్కు లెక్కను తెలుగు ఇళ్లలో చాలామంది వినే ఉంటారు. కొందరు వాటిని పావురాలంటారు, కొందరు కొంగలంటారు. లెక్క మాత్రం మారదు.

పెద్దలు దీన్ని కాగితం లేకుండానే తేల్చేవాళ్లు. గుంపులో నాలుగే ఉన్నాయనుకుందాం. నాలుగు, మరో నాలుగు, సగం రెండు, సగంలో సగం ఒకటి, అన్నీ కలిపి 11. అడిగిన పక్షిని పక్కన పెడితే కావలసింది 99. అది 11కు తొమ్మిది రెట్లు. కాబట్టి నాలుగుకు తొమ్మిది రెట్లు, 36. బడిలో ఇదే లెక్క తెలియని రాశికి ఒక అక్షరం పెట్టడంతో మొదలవుతుంది: య + య + య/2 + య/4 + 1 = 100. దారులు రెండు, జవాబు ఒకటే.

సంఖ్యలను నేరుగా గుర్తులతో ఇవ్వకుండా ఒక కథగానో, లావాదేవీగానో, ప్రయాణంగానో చెప్పి, అందులో తెలియని రాశిని కనుక్కోమనే లెక్కను పద సమస్య అంటారు. సమీకరణాన్ని చేతికిస్తే గబగబా సాధించేసే విద్యార్థి కూడా ఇక్కడ తడబడతాడు. లెక్కల మాస్టార్లందరికీ ఇది అనుభవమే. తప్పు చాలాసార్లు కూడిక, తీసివేతల్లో ఉండదు. మాటను గుర్తుగా మార్చే ఆ మొదటి వరుసలోనే దొర్లుతుంది. కింది వరుసలన్నీ శుభ్రంగా ఉంటాయి కాబట్టి కంటికి కనిపించదు.

అప్పులూ గుర్రాలూ

పద సమస్య బీజగణితం కంటే పాతది. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతంలో అహ్మోస్ అనే లేఖకుడు నకలు రాసిన ఈజిప్టు పత్రం ఒకటి రిండ్ పపైరస్ పేరుతో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో 24వ లెక్క ఇది: ఒక రాశికి దాని ఏడో వంతు కలిపితే 19, ఆ రాశి ఎంత? ముందు 7 అనుకున్నారు. ఏడో వంతు కలిపితే 8 వచ్చింది. 8ని 19 చేయడానికి ఎంతతో హెచ్చించాలో అంతతోనే 7నూ హెచ్చించారు. 133/8 వచ్చింది. పక్షుల లెక్కలో మన పెద్దలు చేసిందీ ఇదే. భాస్కరాచార్యుడి లీలావతిలో ఈ పద్ధతి పేరు ఇష్టకర్మ, ఇష్టమైన సంఖ్యను అనుకుని చేసే పని. అడిగిన పక్షిని ముందే పక్కన పెట్టడంలోనే దీని కిటుకంతా ఉంది. ఇష్టకర్మ రెట్లకూ వంతులకూ లొంగుతుంది కానీ, విడిగా వచ్చి చేరిన ఒకటికి లొంగదు.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు ఇద్దరి ఆస్తులు సమానమైనప్పుడు ఒక్కో వస్తువు విలువను కనుక్కునే సూత్రం చెప్పాడు. తెలియని విలువను ఆయన గుళిక అన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు ధన, రుణ సంఖ్యలకూ సున్నకూ నియమాలు కట్టాడు. ధనమంటే ఆస్తి, రుణమంటే అప్పు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఈనాటికీ రుణ సంఖ్య అనే అంటున్నాం. గుర్తు తప్పు చేసిన విద్యార్థికి ఈ మాటే మందు. సుమారు 850లో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు సాహిత్యం కావ్యాలతో పాటు లెక్కలనూ తన తొలినాళ్లలోనే పద్యంలో పట్టిందన్నమాట.

1150 నాటి భాస్కరాచార్యుడి బీజగణితంలో ఒక లెక్క దగ్గర కాసేపు ఆగాలి. ఒకడి దగ్గర 300 రూపాల డబ్బు, 6 గుర్రాలు ఉన్నాయి. ఇంకొకడికి 10 గుర్రాలున్నాయి కానీ 100 రూపాల అప్పుంది. గుర్రాలన్నీ ఒకే ధరవి, ఇద్దరి ఆస్తీ సమానం. గుర్రం ధరెంత? తెలియని రాశిని భాస్కరుడు ‘యావత్-తావత్’ అన్నాడు, ఎంతో అంత అని. రాతలో దాన్ని ‘యా’ అని కుదించాడు. ఇంకో తెలియని రాశి వస్తే కాలకం, నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లు పెట్టాడు. ఆయన దారిలోనే ఈ వ్యాసంలో తెలియని రాశి ‘య’.

6య + 300 = 10య − 100. రెండు వైపులా 100 కలిపి, 6య తీసేస్తే 400 = 4య, గుర్రం ధర 100. ఇప్పుడు ‘అప్పు’ అనే మాటను చూసీ చూడకుండా +100 అని రాసిన విద్యార్థి సంగతి చూద్దాం. 6య + 300 = 10య + 100. అతని సాధనలో ఒక్క తప్పూ లేదు, ధర 50 వచ్చింది. సమీకరణంలో 50 పెట్టి సరిచూసుకున్నాడు. ఎడమవైపు 600, కుడివైపు 600. సంతోషంగా పేపరు ఇచ్చేశాడు. కథలో పెట్టి చూసుంటే తెలిసేది: రెండోవాడి పది గుర్రాలు 500, అప్పు పోను మిగిలేది 400. మొదటివాడికి 600. సమానం ఎక్కడ? తప్పుగా రాసిన సమీకరణం కూడా తన జవాబుకు తాను నమ్మకంగా సాక్ష్యం చెబుతుంది. అందుకే సాక్ష్యం అడగాల్సింది సమీకరణాన్ని కాదు, ప్రశ్నలోని వాక్యాలను.

బాగ్దాద్‌లో సుమారు 820లో అల్-ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని ‘అల్-జబ్ర్’ అన్న మాటే ఆల్జీబ్రా అయింది. ఒక వైపు తీసివేతలో ఉన్నదాన్ని రెండో వైపు చేర్చి సమం చేయడమే జబ్ర్. ఆ పుస్తకంలో గుర్తులు లేవు, సమీకరణాలన్నీ మాటల్లోనే ఉంటాయి. అందులో పెద్ద భాగం వారసత్వపు వాటాల లెక్కలదే. సమానం గుర్తును రాబర్ట్ రికార్డ్ 1557లో ప్రవేశపెట్టాడు. తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ వాడే అలవాటు 1637లో దెకార్త్ పుస్తకంతో స్థిరపడింది.

మొదటి వరుసలో జారిపడే చోట్లు

ఒక కళాశాలలో విద్యార్థులు అధ్యాపకులకు ఆరు రెట్లు. విద్యార్థుల సంఖ్య వ, అధ్యాపకుల సంఖ్య అ అయితే సమీకరణం ఏమిటి? అమెరికాలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు 1980 ప్రాంతంలో ఈ ప్రశ్నను 150 మంది తొలి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇచ్చారు. 37 శాతం మంది తప్పు రాశారు. తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే రకం: 6వ = అ. వాక్యంలో మాటలు వచ్చిన వరుసలోనే గుర్తులు పేర్చేశారు, లేదా ‘ఆరుగురు విద్యార్థులకు ఒక అధ్యాపకుడు’ అనే బొమ్మను గీసేశారు. సరైనది వ = 6అ. ఎందుకంటే వ అంటే విద్యార్థి కాదు, విద్యార్థుల సంఖ్య. అక్షరాన్ని వస్తువుకు పొట్టిపేరుగా అనుకోవడం బీజగణితంలో చాలా మొండి తప్పు. ‘మామిడిపండ్లు మ, అరటిపండ్లు అ’ అని మొదలుపెట్టి బోధించే తరగతుల్లోనే దీనికి బీజం పడుతుంది. 3మ అంటే మూడు మామిడిపండ్లు కాదు. ఒక్కో పండు ధర మ అయితే మూడు పండ్ల ఖరీదు.

దీనికి విరుగుడు చాలా చిన్నది, అందుకే దాన్నెవరూ పట్టించుకోరు. పాత తెలుగు వాచకాల్లో ప్రతి సాధనా ‘అనుకొనుము’ అనే మాటతో మొదలయ్యేది. అక్కడ ‘కొడుకు య అనుకొనుము’ అని రాస్తే చాలదు. ‘కొడుకు ఇప్పటి వయసు య సంవత్సరాలు’ అని రాయాలి. ఏది, ఎప్పటిది, ఏ కొలతలో అన్న మూడూ ఆ వాక్యంలో ఉండాలి.

వయసుల లెక్క ఒకటి తీసుకుందాం. ఇప్పుడు తండ్రీకొడుకుల వయసుల మొత్తం 62. ఆరేళ్ల కిందట తండ్రి వయసు కొడుకు వయసుకు నాలుగు రెట్లు. కొడుకు ఇప్పటి వయసు య అయితే తండ్రిది 62 − య. ఆరేళ్ల కిందట ఇద్దరికీ ఆరేసి తగ్గుతాయి: 62 − య − 6 = 4(య − 6). అంటే 56 − య = 4య − 24, 80 = 5య, కొడుకుకు 16, తండ్రికి 46. ఆరేళ్ల కిందట 10, 40. సరిపోయింది. ఇందులో ఎక్కడెక్కడ జారవచ్చో జవాబులే చెబుతాయి. తండ్రికి ఆరు తగ్గించడం మరిచిపోతే కొడుకు వయసు 17.2 వస్తుంది. బ్రాకెట్ వదిలేసి 4య − 6 అని రాస్తే 12.4. పద సమస్యలో వయసు దశాంశంలో వచ్చిందంటే పెన్ను కింద పెట్టి ప్రశ్న మళ్లీ చదవాల్సిందే.

తెలివైన విద్యార్థి ఇంకో దారి పడతాడు. ఆరేళ్ల కిందటి కొడుకు వయసునే య అనుకుంటాడు. అప్పుడు తండ్రిది 4య, ఇప్పుడు ఇద్దరివీ కలిపి 5య + 12 = 62, య = 10. ఎంత సులువు! ఆ సులువులోనే బోల్తా పడేది కూడా: 10 కింద రెండు గీతలు గీసి లెక్క ముగించేస్తాడు. అడిగింది ఇప్పటి వయసు కదా.

భాష కూడా కొన్ని ఉచ్చులు పన్నుతుంది. ‘ఒక సంఖ్యలోంచి 7 తీసేస్తే’ అన్నప్పుడు తెలుగు వాక్యం, య − 7 అనే రాత ఒకే వరుసలో నడుస్తాయి. ఇంగ్లిష్‌లో ఇదే మాటకు ఏడు ముందొస్తుంది, సంఖ్య తర్వాతొస్తుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివే తెలుగు పిల్లలు 7 − య అని రాయడానికి ఇదీ ఒక కారణం. ప్రశ్నను ఒకసారి తెలుగులో చెప్పుకుంటే ఆ చిక్కు విడిపోతుంది. తెలుగుకూ తన ఉచ్చులున్నాయి. ‘సీత దగ్గర గీత కంటే 5 తక్కువ’ అన్నప్పుడు సీత ముందు కనబడుతుంది, 5 చివర కనబడుతుంది, పిల్లవాడు ‘సీత − 5’ అనేస్తాడు. 5 తగ్గించాల్సింది గీత దగ్గరున్న సొమ్ములోంచి. ‘మూడు రెట్లు’ స్పష్టంగానే ఉంటుంది. ‘మూడు రెట్లు ఎక్కువ’ అంటే 3యనా, 4యనా అన్నది చెప్పినవాణ్నే అడగాలి. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఆ ప్రయోగాన్ని మానేయడం మేలు.

‘మొత్తం’ కనిపిస్తే కూడు, ‘మిగిలింది’ కనిపిస్తే తీసెయ్ అని నేర్పే చిట్కా ప్రైమరీ తరగతుల్లో పనిచేసినట్టే ఉంటుంది. తర్వాత ఎదురుతిరుగుతుంది. బాలు దగ్గర కొన్ని గోళీలున్నాయి, 8 పోగొట్టుకున్నాక 15 మిగిలాయి, మొదట ఎన్ని అంటే? ‘పోగొట్టుకున్నాక’, ‘మిగిలాయి’ రెండూ తీసివేతను సూచిస్తున్నాయి కానీ జవాబుకు కూడాలి: య − 8 = 15. మాటలను వేటాడే ఈ అలవాటు ఎంత దూరం పోతుందో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ పరిశోధకుల పరీక్షలో తేలింది. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత అని చిన్న తరగతుల పిల్లలు 97 మందిని అడిగితే, 76 మంది ఆ అంకెలతోనే ఏదో లెక్క చేసి వయసు చెప్పేశారు. స్టెల్లా బరుక్ 1985లో ఈ సంగతి మీద రాసిన పుస్తకం పేరే ‘కెప్టెన్ వయసు’.

కొలతల సంగతి వేరే. రెండు గంటల ముప్పై నిమిషాలను 2.30 అని రాసి భాగించేవాళ్లు డిగ్రీలో కూడా ఉంటారు. 150 కిలోమీటర్లను ఆ సమయంలో వెళ్తే వేగం గంటకు 60, 2.30తో భాగిస్తే 65 దాటుతుంది. ఊళ్లో ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు రెండు. పదివేలకు ఏడాదికి 2,400 అవుతుంది. పుస్తకంలో ‘2 శాతం వడ్డీ’ అంటే ఏడాదికి, 200. వెళ్లేటప్పుడు గంటకు 60, వచ్చేటప్పుడు 40 కిలోమీటర్ల వేగమైతే సగటు 50 కాదు. 120 కిలోమీటర్ల దూరమైతే పోవడానికి 2 గంటలు, రావడానికి 3, మొత్తం 240ని 5తో భాగిస్తే 48.

శాతాల్లో అసలు ప్రశ్న, శాతం దేని మీద అన్నది. 18 శాతం జీఎస్టీతో కలిపి బిల్లు 1,180 రూపాయలు, వస్తువు అసలు ధరెంత? చాలామంది 1,180లో 18 శాతం తీసేసి 967 రూపాయల 60 పైసలు అంటారు. పన్ను వేసింది అసలు ధర మీద: య + 18య/100 = 1,180, య = 1,000.

సమానం గుర్తు దగ్గర

8 + 4 = □ + 5. డబ్బాలో ఏముండాలి? 1999లో అచ్చైన ఒక అమెరికా అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలు 145 మందీ 12 అనో, 17 అనో రాశారు. ఒక్కరూ 7 అనలేదు. వాళ్ల దృష్టిలో సమానం గుర్తు ‘ఇదిగో జవాబు’ అని చూపించే వేలు. బీజగణితంలో అది తక్కెడ ముల్లు. 5 + 3 = 8 × 2 = 16 అని ఒకే వరుసలో గొలుసులా రాసే అలవాటూ ఇక్కడిదే. 5 + 3 ఎన్నటికీ 16 కాదు.

ఈ తక్కెడ మీద మన బళ్లలో ఒక మంత్రం చదువుతారు: ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది.’ పక్షాంతరానికి ఇది చక్కటి సంక్షేపమే కానీ, కారణం తెలియకుండా అప్పజెబితే ఎక్కడైనా వాడేస్తారు. 3య = 12 అన్నప్పుడు 3 అటు వెళ్లి −3 అయిపోతుంది, య = 9 వస్తుంది. నిజానికి ఏదీ ఎటూ వెళ్లదు. రెండు పళ్లేల మీదా ఒకే పని చేస్తాం. య + 3 = 12 అయితే రెండు వైపులా 3 తీసేస్తాం. 3య = 12 అయితే రెండు వైపులా 3తో భాగిస్తాం. మంత్రాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి ‘రెండు వైపులా’ అనే మాటను ప్రతి వరుసలో రాయించిన తరగతిలో ఈ తప్పు పట్టుకోవడం చాలా సులువు.

బ్రాకెట్ ముందు రుణ గుర్తు ఉంటే పేపరు దిద్దేవారి కన్ను ముందు అక్కడికే పోతుంది. 10 − 2(య − 3) = 4. ఒకరు 10 − 2య − 6 అని రాసి య = 0 తెస్తారు. ఇంకొకరు 10లోంచి 2 ముందే తీసేసి 8(య − 3) = 4 చేసి 3.5 తెస్తారు. రెండు రుణాల హెచ్చవేత ధనం కాబట్టి −2, −3 కలిసి +6 అవుతాయి: 16 − 2య = 4, య = 6. భిన్నం గీత కూడా కనిపించని బ్రాకెట్టే. య − (య − 2)/3 = 4ను 3తో హెచ్చిస్తే 3య − (య − 2) = 12, అంటే 2య + 2 = 12, య = 5. గీత పోగానే బ్రాకెట్‌నూ పోనిస్తే 7 వస్తుంది. హెచ్చించేటప్పుడు ఒక పళ్లేన్ని మరిచిపోవడమూ మామూలే. య/2 + య/3 = 10ను 6తో హెచ్చించి 3య + 2య = 10 అని రాస్తారు, కుడివైపు 60 కావాలన్నది తట్టదు. జవాబు 12కు బదులు 2 అవుతుంది.

రెండు సంఖ్యల మొత్తానికి వర్గం కట్టమంటే విడివిడిగా వర్గాలు కట్టి కూడేవారికి 3, 4 చాలు: మొత్తం వర్గం 49, విడివిడి వర్గాల మొత్తం 25. య² = 5యను రెండు వైపులా యతో భాగిస్తే 5 దొరుకుతుంది, 0 పోతుంది. తెలియని రాశితో భాగించేముందు అది సున్న కావచ్చేమోనని అనుమానపడాలి.

జవాబును కథలోకి తిరిగి పంపడం

1945లో జార్జ్ పోల్యా రాసిన ‘హౌ టు సాల్వ్ ఇట్’ లెక్క చేయడాన్ని నాలుగు దశలుగా చెప్పింది: అర్థం చేసుకోవడం, ఉపాయం వేయడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడడం. నాలుగోది బడుల్లో దాదాపు లేదు. పరీక్షలో సమయం చాలదన్న సాకు ఎప్పుడూ ఉంటుంది. నిజానికి దానికి పట్టేది అర నిమిషం. బ్యాట్, బంతి కలిపి 110 రూపాయలు, బ్యాట్ ధర బంతి కంటే 100 ఎక్కువ అంటే చాలామంది నోట బంతి 10 రూపాయలని వచ్చేస్తుంది. కథలో పెడితే బ్యాట్ 110, మొత్తం 120, అబద్ధం అక్కడే బయటపడుతుంది. బంతి 5, బ్యాట్ 105.

వర్గ సమీకరణాల్లో ఈ పని మరీ అవసరం, ఎందుకంటే అక్కడ జవాబులు రెండేసి వస్తాయి. భాస్కరాచార్యుడి బీజగణితంలో కోతుల లెక్కలు రెండున్నాయి. మొదటిదానిలో మందలో ఎనిమిదో వంతుకు వర్గమైనన్ని అడవిలో ఆడుకుంటున్నాయి, మిగిలిన 12 కొండ మీద ఉన్నాయి. మంద 48 అయినా 16 అయినా లెక్క కుదురుతుంది, ఆయన రెండింటినీ ఒప్పుకున్నాడు. రెండోదానిలో మంద ఐదో వంతులోంచి మూడు తీసేసి వర్గం కడితే వచ్చినన్ని గుహలోకి పోయాయి, ఒక్కటి కొమ్మెక్కుతూ కనిపించింది. సమీకరణం ఇక్కడా రెండు జవాబులిస్తుంది: 50, 5. రెండూ సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి. భాస్కరుడు 50ని ఉంచి 5ను కొట్టేశాడు. ఐదు కోతుల్లో ఐదో వంతు ఒకే ఒక్క కోతి, అందులోంచి మూడింటిని తీయడం కుదరదు.